ధాత కరువు – కూలి కొలత: దీర్ఘకాల నిరాహారం, శ్రమ, దేహ జీవక్రియ (కర్నూలు, కడప జిల్లాలు, 1876–78)

వ్యాససంగ్రహం: 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని కరువు పనుల కూలీలకు ఎంత తిండి చాలునన్న విషయంపై సర్ రిచర్డ్ టెంపుల్, డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్‌ల మధ్య వివాదం నడిచింది. కర్నూలు, కడప జిల్లాల నేపథ్యంలో ఆ వివాదాన్ని ఈ వ్యాసం జీవక్రియాశాస్త్రం వెలుగులో పునఃపరిశీలిస్తుంది. ఆకలిగొన్న దేహం ప్రధానంగా కదలికను తగ్గించుకొని ప్రాణం నిలుపుకొంటుందనీ, కరువు పనుల్లోని ‘శ్రమ పరీక్ష’ సరిగ్గా ఆ పొదుపునే అడ్డుకొన్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధాత కరువు, దత్త మండలాలు, కరువు పనులు, టెంపుల్ కూలి, కార్నిష్, అర్ధాకలి, జీవక్రియ.

నేపథ్యం

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు నేడు యురేనియం గనితో కలిసి వినబడుతోంది. గని పాతికేళ్ళ నాటిది కూడా కాదు. ఊరి పేరులోని చెట్టు అంతకంటె పాత సంగతి చెబుతుంది. మిగిలిన చెట్లు నిలవలేనిచోట నిలిచేది తుమ్మ. పులివెందుల ప్రాంతంలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి అనే మెట్టపంటలే జనాన్ని పోషించాయి. వరి అన్నం పండుగనాటి మాట. వాన ఒక్క ఏడాది ముఖం చాటేస్తే గాదె ఖాళీ అవుతుంది, రెండో ఏడాదీ అదే జరిగితే ఊరే ఖాళీ అవుతుంది. ఆనాటి అధికార పత్రాలు ఈ సీమను ‘దత్త మండలాలు’ అన్నాయి. ‘రాయలసీమ’ అన్న పేరు 1928 నాటి నంద్యాల సభతోగాని ప్రచారంలోకి రాలేదు.

1876లో నైరుతి ఋతుపవనమూ, దాని వెనుక ఈశాన్య ఋతుపవనమూ రెండూ విఫలమయ్యాయి. అది ధాత నామ సంవత్సరం. 1832–33 నాటి గుంటూరు కరువును జనం ‘నందన కరువు’ అన్నట్లే దీనిని ‘ధాత కరువు’ అన్నారు. పాలకులు కరువులను క్రీస్తుశకపు అంకెలతో గుర్తిస్తే ప్రజలు పంచాంగపు పేరుతో గుర్తుంచుకొన్నారు. అరవై ఏళ్ళకు ఆ పేరు మళ్ళీ వస్తుందన్న భయం కూడా ఆ పిలుపులో ఉంది.

నష్టం ఎంతో జనాభా లెక్కలు చెబుతాయి. 1871లో కర్నూలు జిల్లా జనాభా సుమారు 9.1 లక్షలు, 1881 నాటికి అది 6.8 లక్షలు. అంటే నలుగురిలో ఒకరు లేరు. కడప జిల్లాలో 13.5 లక్షల జనం 11.2 లక్షలకు తగ్గారు. వీరిలో వలస పోయినవారు ఉన్నారు, పుట్టవలసి ఉండి పుట్టని పిల్లలూ ఉన్నారు. 1878లో రాజధాని అంతటా జననాలు బాగా పడిపోయాయి. తీవ్రంగా కృశించిన స్త్రీ దేహం ఋతుచక్రాన్నే నిలిపివేస్తుందని తరువాతి వైద్యశాస్త్రం నిర్ధారించింది. జనాభా పట్టికలోని ఆ లోటు కూడా ఒక విధంగా జీవక్రియ రాసిన అంకెయే.

మద్రాసు–రాయచూరు రైలు మార్గం 1871 నాటికే కడప, గుత్తుల మీదుగా పూర్తయింది. సముద్రం మీద మద్రాసుకు చేరిన బియ్యం ఆ దారినే లోపలికి వచ్చింది. కనుక ఇది ధాన్యం చేరలేని కరువు అని పూర్తిగా అనడానికి వీలులేదు. చేరిన ధాన్యాన్ని కొనే శక్తి జనానికి లేదు. ఆ శక్తిని కరువు పనుల కూలి ద్వారా కల్పించాలన్నది ప్రభుత్వ విధానం. అందుకే కూలి ఎంత అన్న ప్రశ్న ప్రాణం ఎంత అన్న ప్రశ్నగా మారింది.

ఒక పౌను ధాన్యం

1877 జనవరి మొదటి తేదీన లార్డ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణానికి పంపాడు. అప్పటికి రాజధానిలో సహాయం పొందుతున్నవారు పది లక్షల దరిదాపు ఉన్నారు, వారిలో దత్త మండలాల వాటా చాలా పెద్దది. టెంపుల్ నియామకంలో ఒక చమత్కారం ఉంది. 1873–74 బీహారు కరువులో ఆయనే బర్మా బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. మరణాలు చాలా స్వల్పమయ్యాయి. కాని మెప్పుకు బదులు దుబారా చేశాడన్న నింద వచ్చింది. మద్రాసుకు వచ్చిన టెంపుల్ ఆ నిందను కడుక్కోవడానికి వచ్చిన మనిషి.

పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యపు ఖరీదు, దానిపైన ఉప్పు, మిరప, కట్టెల వంటివాటికి కొద్దిపాటి చిల్లర చాలునని ఆయన నిర్ణయించాడు. ఆడవారికి, పిల్లలకు అంతకంటె తక్కువ. అంతకుముందు అమలులో ఉన్న కూలి దాదాపు ఒకటిన్నర పౌనులకు సరిపడేది. ఒక పౌనుతో మనిషి పని చేయగలడా అన్నది ఆయన దృష్టిలో ఇంకా తేలని విషయం, అందువల్ల దానిని ప్రయోగంగా చేసి చూడవచ్చునన్నాడు. చరిత్రలో దీనికి ‘టెంపుల్ కూలి’ అన్న పేరు స్థిరపడింది.

దీనికి రెండు పరీక్షలు తోడయ్యాయి. మొదటిది శ్రమ పరీక్ష. నిజంగా ఆకలిగొన్నవాడే ఇంత తక్కువ కూలికి ఇంత కఠినమైన పనికి వస్తాడని దాని తర్కం. రెండోది దూరపు పరీక్ష. పని ఇంటి దగ్గర ఉంటే అవసరం లేనివారూ వస్తారు కనుక శిబిరం దూరంగా ఉండాలని దాని తర్కం. అంటే కంకర కొట్టడానికి, మట్టి తట్టలు మోయడానికి ముందే ఆకలి దేహం మైళ్ళ కొద్దీ నడవాలి. ఈ రెండు పరీక్షలూ మనిషి నిజాయితీని కొలవడానికి పెట్టినవి. అవి ఖర్చు పెట్టించింది మాత్రం అతని కండను.

ఇదే సీమలో పదేళ్ళ ముందు వేరొక పద్ధతి నడిచింది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలాది మందికి అన్నం పెట్టాడు, పని అడగలేదు. జానపదుల పాటల్లో ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఒక దాత వితరణను రాజధాని అంతటి వ్యవస్థతో పోల్చడం చరిత్రకారుడికి తగదు. అయినా గంజి పోసే ముందు కంకర కొట్టమనడం ఈ నేలకు తెలిసిన ధర్మం కాదన్న మాట చెప్పుకోదగినదే.

కార్నిష్ వాదం

మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ ఈ కూలిని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన ఈ ప్రాంతపు తిండిని ఎరిగినవాడు. 1863లోనే రాజధాని ప్రజల ఆహారంపై నివేదిక ప్రచురించాడు, 1871 జనాభా లెక్కల నివేదిక రాసిందీ ఆయనే. శ్రమ చేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌనుల ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు ఉండాలని ఆయన వాదన. జైలులో పని చేసే ఖైదీకి ఇచ్చేది కూడా టెంపుల్ కూలికంటె ఎక్కువని ఆయన ఎత్తిచూపాడు. నేరం చేసినవాడికంటె ఆకలిగొన్నవాడు తక్కువ తినాలన్న నియమం ఏ శాస్త్రానికీ, ఏ నీతికీ అందదు.

కార్నిష్ తర్కంలో నత్రజని గల ఆహారానికి, అంటే మాంసకృత్తులకు, పెద్దపీట ఉంది. కండ తనను తాను కరిగించుకొనే పని చేస్తుందన్న లీబిగ్ సిద్ధాంతపు ప్రభావం ఆ తరం వైద్యులందరిపైనా ఉంది. నిజానికి ఆ సిద్ధాంతం అప్పటికే బీటలువారింది. 1865లో ఫిక్, విస్లిసెనస్ అనే శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ కొండ ఎక్కి, ఆ ఎక్కుడుకు అయిన శక్తిని మాంసకృత్తులు మాత్రమే ఇవ్వలేవని మూత్రంలోని నత్రజనిని కొలిచి తేల్చారు. ఆ మరుసటి ఏడాది మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్, ఫోయిట్‌లు ఉపవాసమున్న మనిషిని, పని చేస్తున్న మనిషిని శ్వాసమందిరంలో ఉంచి కొలిచి, పనిలో ప్రధానంగా ఖర్చయ్యేది కొవ్వు, పిండి పదార్థాలేనని చూపారు. కనుక కార్నిష్ చెప్పిన కారణం కొంత పాతబడినది, చెప్పిన పరిమాణం మాత్రం సరైనది. టెంపుల్‌కు కారణమూ లేదు, పరిమాణమూ లేదు.

కొన్ని నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచక తప్పలేదు. పప్పు కూడా చేర్చింది. ఈ వివాదాన్నంతటినీ మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాల గ్రంథంగా వెలువరించాడు. తరువాతి పరిశోధకులకు అదే మొదటి మెట్టు.

ఆకలి దేహపు లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1928–29 ప్రాంతంలో కూనూరులో రూపుదిద్దుకొన్న పరిశోధనశాలకు వారసురాలు. అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ వెలువరించిన 2020 నాటి ప్రమాణం ప్రకారం 65 కిలోల భారతీయ పురుషుడు కఠిన శ్రమ చేస్తే రోజుకు 3,470 కిలో కెలోరీలు కావాలి. ధాత కరువు నాటి కూలీ 45 కిలోలవాడనుకొని ఈ అంకెను దించితే 2,400 నుంచి 2,700 వరకు వస్తుంది. ఒక పౌను ధాన్యం ఇచ్చేది దాదాపు 1,600. అంటే తక్కువలో తక్కువ లెక్కకూ రోజుకు 800 లోటు. అటువంటి సన్నని మనిషి దేహంలో కరిగించదగిన కొవ్వు నాలుగు కిలోలనుకొంటే అది సుమారు 36,000 కిలో కెలోరీల నిల్వ. ఈ లోటు దానిని ఆరేడు వారాల్లో తుడిచిపెడుతుంది. శిబిరానికి వచ్చేనాటికే ఆ నిల్వ సగం కరిగి ఉంటుందని గుర్తుంచుకోవాలి. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెత ఈ సీమలో ఉత్త ఓదార్పు కాదు. జనం నిజంగానే ఆకులూ దుంపలూ తిని, అవీ దొరకనినాడు శిబిరం దారి పట్టారు.

తిండి అందని దేహం ఏమి చేస్తుందో ఇరవయ్యో శతాబ్దం వివరంగా తెలుసుకొంది. కాలేయంలోని గ్లైకోజెన్ సుమారు ఒక రోజుకు సరిపోతుంది. ఆ తరువాత మెదడుకు కావలసిన గ్లూకోజు కోసం దేహం కండను కరిగిస్తుంది. ఉపవాసం తొలి దినాల్లో రోజుకు సుమారు 75 గ్రాముల మాంసకృత్తులు ఇలా ఖర్చవుతాయి. ఇదే వేగంతో సాగితే మనిషి మూడు వారాలు కూడా నిలవడం కష్టం. అయితే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లను తయారుచేస్తుంది, మెదడు క్రమంగా వాటికి అలవాటుపడుతుంది. 1967లో బోస్టన్‌లో ఓవెన్, కాహిల్ ప్రభృతులు దీనిని నిరూపించారు. అప్పుడు కండ కరుగుదల రోజుకు 20 గ్రాముల వరకు దిగుతుంది. ఇది పూర్తి నిరాహారంలోని పొదుపు.

కరువు కూలీది పూర్తి నిరాహారం కాదు, అర్ధాకలి. దాని పొదుపు దారి వేరు. దీనిపై ఇప్పటికీ ప్రమాణంగా నిలిచిన అధ్యయనం 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ జరిపినది. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి అంగీకరించని 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దీనికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. 24 వారాల పాటు వారికి రోజుకు ఇచ్చిన తిండి సుమారు 1,570 కిలో కెలోరీలు. వారానికి 22 మైళ్ళు నడవాలన్నది నియమం. వారు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. మూల జీవక్రియ సుమారు 40 శాతం తగ్గింది. కాళ్ళు వాచాయి, చలి తాళలేకపోయారు, తిండి తప్ప మరో ఆలోచన లేకుండాపోయింది. ఈ అంకె టెంపుల్ కూలికి ఎంత దగ్గరగా ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. మిన్నెసోటా యువకులు పెద్ద దేహం గలవారు, వారికి కావలసింది ఎక్కువ అన్నది నిజం. కాని వారికి శుభ్రమైన నీరు, వైద్యుల పర్యవేక్షణ, పడక, పూర్తి ఆరోగ్యంతో మొదలైన దేహం ఉన్నాయి. కంకర కుప్ప లేదు.

ఈ ప్రయోగంలో కర్నూలు, కడప చరిత్రకు అత్యంత కీలకమైన ఫలితం మరొకటి ఉంది. ఆ యువకుల దేహాలు మిగుల్చుకొన్న శక్తిలో సగానికి మించినది కదలికను తగ్గించుకోవడం వల్లనే వచ్చింది. మూల జీవక్రియ తగ్గుదల రెండో స్థానంలో ఉంది. మెట్లు నెమ్మదిగా ఎక్కడం, కూర్చున్నచోటే కూర్చోవడం, అవసరం లేని చేయి ఎత్తకపోవడం, ఇవే అర్ధాకలి దేహానికి ప్రధాన రక్షణ. తక్కువ తిండితో సమతుల్యం చేరాలంటే దేహానికి ముందుగా కావలసింది విశ్రాంతి. శ్రమ పరీక్ష ఆ ద్వారాన్నే మూసివేసింది. దేహం తగ్గించుకోజూసిన ఖర్చునే కూలి పొందే అర్హతగా నిర్ణయించింది.

కండ స్థాయిలోనూ ఇదే కనబడుతుంది. కండ కదిలే ప్రతిసారీ ఖర్చయ్యే శక్తి నాణెం ఏటీపీ. దానినీ, దానిని క్షణాల్లో తిరిగి నింపే ఫాస్ఫోక్రియేటిన్‌నూ వెలికితీసినవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో ప్రకటించారు. నెమ్మదైన నడకకు కొవ్వు చాలును. సమ్మెట ఎత్తి దించడానికి, బరువు తట్ట ఒక్కసారిగా నెత్తికెత్తుకోవడానికి కండలోని గ్లైకోజెన్ కావాలి. నిల్వ నిండని కండతో ఆ పని చేయిస్తే అలసట ముందుగానే ముంచుకొస్తుంది, తూకం తప్పుతుంది, చేయి నిలిచిపోతుంది. బయటినుంచి చూసేవాడికి అది బద్ధకంలా కనబడుతుంది. పని కొలత తగ్గితే కూలి తగ్గించాలన్న ఆలోచన కరువు పనుల చరిత్ర పొడుగునా మళ్ళీ మళ్ళీ తలెత్తింది. ఆకలి లక్షణాన్ని సోమరితనంగా చదివి దానికి ఆకలినే శిక్షగా వేయడం ఆ ఆలోచన సారం.

శవపరీక్షలు మరో సాక్ష్యం. మద్రాసులో కరువు రోగుల దేహాలను పరీక్షించిన అలెగ్జాండర్ పోర్టర్ తన గ్రంథాన్ని 1889లో వెలువరించాడు. కొవ్వు పూర్తిగా హరించుకుపోవడం, పేగుల గోడలు పలుచబడడం ఆయన నమోదు చేశాడు. అటువంటి పేగు తిన్నదానిని కూడా ఇముడ్చుకోలేదు. కరువు విరేచనాలకు అదే మూలం. కనుక ఒక స్థాయి దాటిన తరువాత కూలి పెంచినా దేహానికి అందదు. 1877లో పెంపు ఆలస్యం కావడానికి ఉన్న అర్థం ఇదే. ఆ ఏడాది చివర వానలు పడినప్పుడు మలేరియా వచ్చింది, రోగనిరోధక శక్తి ఉడిగిన జనం పంట చేతికి వచ్చే వేళకు రాలిపోయారు.

మైక్ డేవిస్ 2001 నాటి గ్రంథంలో టెంపుల్ కూలిని 1,627 కెలోరీలుగా లెక్కించి, నాజీల బూహెన్‌వాల్డ్ శిబిరపు తిండికంటె అది తక్కువని చూపాడు. ఆ పోలిక ప్రపంచం దృష్టిని ఈ కరువుపైకి మళ్ళించింది, అందుకు ఆయనకు రుణపడాలి. కాని అది ఉద్దేశాల గురించిన వాదాన్ని రేపుతుంది తప్ప దేహానికి ఏమి జరిగిందో చెప్పదు. డేవిడ్ హాల్-మాథ్యూస్ 2008 నాటి వ్యాసంలో చూపినట్లు, ఆనాటి వివాదం కొలతల చుట్టూ తిరిగింది. ఎవరి కొలత ప్రామాణికమన్నది అధికారం తేల్చిన ప్రశ్న. అందువల్ల మిన్నెసోటాతో పోలికే ఎక్కువ ఉపయోగకరం. రెండుచోట్లా తిండి ఒకటే, రెండూ ప్రయోగాలే. ఒకచోట మనుషులను అడిగారు.

విశ్రాంతిలో ఉపవాసం

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసు మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇంట నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబర్ 15 రాత్రి అమరులయ్యారు. 58 రోజులు. 1920లో ఐర్లండుకు చెందిన కార్క్ నగర మేయర్ టెరెన్స్ మెక్‌స్వీనీ 74 రోజులు నిలిచాడు. తిండి బొత్తిగా లేని దేహం విశ్రాంతిలో రెండు నెలలు నిలవగలగడం, రోజూ ఒక పౌను ధాన్యం తింటున్న దేహాలు కరువు పనుల్లో కూలిపోవడం మొదట విరుద్ధంగా తోస్తుంది. పైన చెప్పిన లెక్క దీనిని విడదీస్తుంది. పడకపై ఉన్న దేహానికి కీటోన్ల పొదుపు, కదలిక లేమి రెండూ అండగా ఉంటాయి. కంకర కుప్ప దగ్గర ఉన్న దేహానికి రెండూ లేవు, దానికి తోడు కలరా, మురికినీరు, ఎండ ఉన్నాయి. శ్రీరాములు దీక్ష ఫలించి 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని అయింది. ఆ నాటికి సీమలో మళ్ళీ కరువు నడుస్తోంది, గంజి కేంద్రాలు వెలిశాయి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లోని రంగడు, గంగమ్మ దంపతులు ఆ దశాబ్దపు మనుషులు. కూలి దొరకని రోజున ఆకలి, దొరికిన రోజున ఆకలితో శ్రమ వారి బతుకు. గర్భిణి దేహంపై ఈ రెండింటి భారాన్ని ఆ కావ్యం పట్టుకొన్నంత దగ్గరగా నివేదికలేవీ పట్టుకోలేదు.

తరువాతి కాలం

రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883 నుంచి కరువు నిబంధనావళులు రూపొందాయి. కార్నిష్ వాదం వాటిలో చాలావరకు ఇమిడింది, శ్రమ పరీక్ష మాత్రం పోలేదు. ఎవరు నిజంగా పేదవారో తేల్చడానికి పనిని మించిన కొలత పాలకులకు తోచలేదు.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైంది. దత్త మండలాల నేలపైనే అది మొదలుకావడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడ పని పరీక్ష కాదు, హక్కు. అయినా పాత చిక్కు వేరొక రూపంలో తిరిగివచ్చింది. తవ్విన మట్టి ఘనపరిమాణాన్ని బట్టి కూలి కట్టేచోట, గట్టి నేలలో, ఏప్రిల్ ఎండలో అదే మనిషి అంతే మట్టి తీయలేడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేల రకాన్ని బట్టి, మనిషి ఎంతసేపట్లో ఎంత పని చేయగలడో క్షేత్రంలో కొలిపించి ధరలు సవరించింది. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలను బట్టి 20 నుంచి 30 శాతం వేసవి భత్యం కలిపింది. అంటే తక్కువ మట్టి తీసినా పూర్తి కూలి పడేది.